బొమ్మ తలుపు

ఆ తలుపు మూసింది మీరే. కాదనకండి శ్రీనివాసరాజుగారూ. గొలుసు వేయించింది మీరు. దాని మీద బొమ్మ అంటించెయ్యమన్నది మీ సూపర్‌వైజరు. బొమ్మని తిరగేయించింది మీ అమ్మగారు. భలే ఉందని ఫొటోలు తీసుకుని పోయింది మీ దగ్గర రొయ్యలు కొనేవాళ్ళు. ఏడాదికోసారి వచ్చి, ఆఫీసులో కొబ్బరినీళ్ళు తాగి, షెడ్డులో కాలు పెట్టకుండానే సంతకం పెట్టి పోయే ఇన్‌స్పెక్టరుగారికీ ఇందులో భాగం ఉంది. ఎవరూ చావలేదు కదా, ఈ గోలంతా ఏంటి అంటున్నారు. చావకముందు అడిగితే గోల. చచ్చాక అడిగితే రాజకీయం. మరి ఎప్పుడు అడగాలండి?

జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే సరిపోతుంది. అలంకారాలు అక్కర్లేదు.

వెంకటదుర్గ భీమవరంలో ఒక ప్రింటింగు షాపులో పనిచేస్తుంది. గోడలకి పెద్దపెద్ద స్టిక్కరు బొమ్మలు అంటించే పని. స్కూళ్ళకి, ఆసుపత్రులకి, పెళ్ళి హాళ్ళకి. వెనక కాగితం కాస్త కాస్త లాగుతూ, ప్లాస్టిక్ చెక్కతో రుద్దుకుంటూ, ఒక్క గాలిబుడగ లేకుండా అంటించాలి. ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది, పాడుచేసి నేర్చుకుంది. ఇప్పుడు ఆమె అంటించిన బొమ్మని పీకాలంటే గోడ సున్నం కూడా ఊడి రావాలి. ఆ మాట ఆమే గొప్పగా చెప్పుకునేది, నిన్నమొన్నటి దాకా.

ఆమె తోటికోడలు వీరవేణి, అంటే భర్తకి అన్నగారి భార్య, రాజుగారి రొయ్యల ప్లాంటులో రొయ్యలు వలుస్తుంది. ఊరికి దూరంగా, డ్రైను గట్టు మీద ఉంది ప్లాంటు. వలిచే షెడ్డులో నూట నలభై మంది ఆడవాళ్ళు. నీలం టోపీ, మూతికి గుడ్డ, మోకాళ్ళ దాకా బూట్లు, చేతులు రోజంతా ఐసులో. షెడ్డు వెనక గదిలో కంప్రెషర్లు. ఐసు తయారవ్వాలన్నా సరుకు గడ్డకట్టాలన్నా వాటిలో తిరిగే అమ్మోనియా గ్యాసే దిక్కు. ఆ గ్యాసు ఎక్కువగా బయటపడితే కళ్ళు పోతాయి, ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు. తెలిసీ అక్కడే ఉంటున్నారు, ఎందుకంటే వేరే పని లేదు.

రాజుగారి అమ్మాయి మంజుష బెంగళూరులో డిజైను చదివి వచ్చింది. ఆఫీసు గోడలనిండా కామిక్ పుస్తకాల తరహా బొమ్మలు ఫ్రేములు కట్టించి పెట్టింది. లావుపాటి నల్ల గీతలు, ఎరుపూ పసుపూ నీలం, చర్మం నిండా చుక్కలు, మాటలన్నీ బుడగల్లో. ఒకదాంట్లో ఫోను పట్టుకుని ఏడ్చే అమ్మాయి, ఇంకోదాంట్లో పిడికిలి, దాని చుట్టూ నక్షత్రంలా పేలిన రంగులో "ఢాం" అన్న అక్షరాలు. విదేశాల నుంచి కొనేవాళ్ళు తనిఖీకి వస్తున్నారంటే ఆ పిల్లకి ఒక ఆలోచన వచ్చింది. షెడ్డులో సగంమందికి చదువు రాదు. ప్రమాదం వస్తే ఎటు పరిగెత్తాలో అక్షరాల్లో రాస్తే ఏం లాభం? బొమ్మల్లో చెబుదాం.

మంచి ఆలోచనే. ఆ పిల్లా మంచిదే. మంచితనంతో తలుపులు తెరుచుకోవు, అదీ బాధ.

షెడ్డు పొడుగు గోడకి కుడి చివర ఒక ఆకుపచ్చ తలుపు ఉంది. గ్యాసు వస్తే పారిపోవడానికి పెట్టిన తలుపు. దాని అవతల ఖాళీ స్థలం, గాలి. మంజుష ఆ గోడని కొలిపించి బొమ్మ గీసింది. ఎడమ చివర నేల నుంచి పైకప్పు దాకా ఒక ఆడమనిషి ముఖం, నీలం టోపీ, చెంపల నిండా ఎర్ర చుక్కలు. ఎడం చేతిలో రొయ్య. కుడి చెయ్యి చాచి వేలితో తలుపు వైపు చూపిస్తోంది. మధ్యలో పరిగెత్తే ఆడవాళ్ళు. కుడి చివర పచ్చగా వెలిగే తలుపు. బొమ్మలో తలుపు అసలు తలుపు రెక్క మీదే అంటుకోవాలి, అప్పుడు తోస్తే బొమ్మతో సహా తెరుచుకుంటుంది. ముఖం పైన బుడగలో, "ప్రాణం ముందు, రొయ్య తరవాత."

ప్రింటు తీసే ముందురోజు రాజుగారి తల్లి సూర్యకాంతమ్మగారు షాపుకొచ్చారు, గుడికి వెళ్తూ దారిలో ఆగి. మనవరాలు గీసిన బొమ్మ చూడాలని సరదా. కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయి, హారతి, తెర మీద చూపించింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఎడం చేత్తో రొయ్య పట్టుకుందేంటమ్మా ఇది?"

"కుడి చేత్తో తలుపు చూపిస్తోంది కదండీ."

"తలుపు ఏ చేత్తో చూపిస్తే ఏం? సరుకు కొనేవాడొస్తే ఎడం చేత్తో ఇస్తామా? ఇంకెవడు కొంటాడు మన దగ్గర?"

"మంజుష గారిని అడిగి మారుస్తానండీ."

"దాన్ని అడిగేదేముంది? నేను దాని నాయనమ్మని. మార్చెయ్."

హారతి ఒక్క బటన్ నొక్కింది. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడింది. రొయ్య కుడి చేతిలోకొచ్చింది. బుడగలో అక్షరాలు మాత్రం తిరగబడకుండా మళ్ళీ పెట్టింది. సూర్యకాంతమ్మగారు సంతోషించి ప్రసాదం పంపిస్తానన్నారు. ముఖం కుడి చివరకి వెళ్ళిందనీ, తలుపు ఎడమ చివరకి వెళ్ళిందనీ ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తెర మీద బొమ్మ బాగానే ఉంది మరి. మంజుష ఆ వారం చెన్నైలో ఉంది.

ఆదివారం షెడ్డుకి సెలవు. దుర్గ స్టిక్కరు చుట్టలు దింపించుకుని పనిలోకి దిగింది. ఏ గోడకైనా మొదలుపెట్టే ముందు రెండు చివర్లా తడి పసుపు బొట్టు పెట్టడం ఆమె అలవాటు. అక్కడా పెట్టింది, బొమ్మకి బయట మిగిలే తెల్లటి అంచు మీద. ఎడమ చివర పెట్టినప్పుడు పైన గోడలోంచి ఒక లావుపాటి గొట్టం బయటికొచ్చి వంపు తిరగడం చూసింది. కంప్రెషర్ గది నుంచి వచ్చే గొట్టం. అక్కడ గాలి ముక్కుకి కాస్త ఘాటుగా తగిలింది. రొయ్యల ప్లాంటులో ఏ మూలైనా ఏదో ఒక ఘాటు ఉంటుంది. అనుకుని ఊరుకుంది.

ఎడమ నుంచి మొదలెట్టింది. బొమ్మ తలుపు అంటుకుంది, ఇటుక గోడ మీద, చక్కగా. పరిగెత్తే ఆడవాళ్ళు అంటుకున్నారు. సాయంత్రానికి కుడి చివరకొచ్చి ముఖం ఉన్న చుట్ట విప్పబోతే ఎదురుగా అసలు తలుపు.

సూపర్‌వైజరు యుగంధర్‌ని పిలిచింది. "ఏమండీ, ముఖం తలుపు మీద పడుతోంది. ఎక్కడో తేడా జరిగింది."

అతను తలుపుని చూడలేదు, గడియారం చూశాడు. "ఆ తలుపు ఎలాగూ తెరవరమ్మా. బయట గొలుసుంది, తాళం చెవి రాజుగారి టేబులు సొరుగులో ఉంది."

"గొలుసెందుకండీ?"

"టిఫిన్ బాక్సుల్లో రొయ్యలు దాటిస్తున్నారని. రెండేళ్ళయింది. అంటించెయ్. ఎల్లుండి తనిఖీ."

"ప్రమాదం వస్తే?"

"వస్తే ఎదర దారి ఉందిగా."

ఎదర దారి అంటే బూట్లు మార్చుకునే గది. ఒకరి తరవాత ఒకరు చేతులు కడుక్కుని వచ్చే సందు. నూట నలభై మందికి ఒక సందు.

దుర్గ అక్కడ నిలబడి ఆలోచించింది. కాదనలేదు. ఇది రాసుకోవాలి, ఆమెని వెనకేసుకొచ్చే పని లేదు. తలుపు పిడి ఎత్తుగా ఉంటే స్టిక్కరు ముడత పడుతుందని స్క్రూడ్రైవరు తీసి పిడి నాలుగు మరలూ విప్పింది. పిడినీ మరలనీ సంచిలో వేసుకుంది. తరవాత ముఖం అంటించింది. అంత దగ్గరగా నిలబడితే ముఖం లేదు, కన్ను లేదు, చుక్కలే. చుక్క పక్కన చుక్క రుద్దుకుంటూ పోయింది. తలుపు సందులో ప్లాస్టిక్ చెక్క ఒక్కసారి దిగబడి మళ్ళీ పైకొచ్చింది. వెనక్కి వచ్చి చూస్తే తలుపు లేదు. ఒక ఆడమనిషి ఉంది, నోరు సగం తెరిచి.

మంగళవారం తనిఖీకి, సరుకు కొనేవాళ్ళు, తెల్లచొక్కాల వాళ్ళు ముగ్గురొచ్చారు. దుర్గ కూడా అక్కడే ఉంది, అంచులు ఎక్కడైనా లేస్తే నొక్కడానికి. బొమ్మ చూసి వాళ్ళ ముఖాలు వెలిగాయి. రాజుగారు చేతులు కట్టుకుని నవ్వుతున్నారు. "మా అమ్మాయి ఐడియా అండీ." వచ్చినవాళ్ళలో పెద్దాయన, ఒకసారి సైరన్ మోగించి చూపించండి అన్నాడు.

మోగింది.

పాతవాళ్ళు కొందరు బూట్ల గది వైపు తిరిగారు. మిగతావాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు, చదువు రానివాళ్ళు, రెండు రోజులుగా పని చేస్తూ తలెత్తినప్పుడల్లా ఆ వేలునే చూసినవాళ్ళు, వేలు చూపించిన వైపుకి పరిగెత్తారు. నేల నిండా నీళ్ళు, రొయ్య తొక్కలు. ముందున్నామె రెండు చేతులూ చాచి బొమ్మ తలుపుని తోసింది. వెనకున్నామె ఆమెని తోసింది. ఆ వెనక ముప్పై మంది. గోడ కదల్లేదు. గోడ ఎందుకు కదులుతుంది?

ముందు నవ్వులు వినిపించాయి. తరవాత ఒక అరుపు. ఆ తరవాత నవ్వులు ఆగాయి.

జనాన్ని లాగితే అందరికంటే అడుగున వీరవేణి, పాతమనిషే అయినా చదువు రానిది. మణికట్టు విరిగి చెయ్యి వేరే వైపుకి తిరిగి ఉంది.

యుగంధర్ గబగబా వచ్చినవాళ్ళ దగ్గరికెళ్ళాడు. "చూశారా సార్, నిజం తలుపే అనుకున్నారు. అంత బాగా కుదిరింది బొమ్మ." పెద్దాయన నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఒకతను గోడకి ఒరిగి ఆయాసపడుతున్న ఆడవాళ్ళని బొమ్మతో సహా ఫొటో తీశాడు. చప్పట్లు కూడా కొట్టారు. దుర్గ ఆ చప్పట్లు విన్నది. సంచిలో తలుపు పిడి బరువు అప్పుడు తెలిసింది ఆమెకి.

గురువారం మళ్ళీ ఫోను. స్టిక్కరు ఎడమ అంచు లేస్తోంది, వచ్చి నొక్కమని. వెళ్ళేసరికి బొమ్మ తలుపు ముందు నాలుగు మందారాలు, ఒక అగరొత్తి కట్ట, గాజులు. ఆడవాళ్ళు దణ్ణం పెట్టుకుని పనిలోకి వెళ్తున్నారు.

వీరవేణి కట్టు కట్టిన చేతిని మెడలో వేలాడేసుకుని తూకం దగ్గర కూర్చుంది. సెలవు పెడితే పేరు కొట్టేస్తారని వచ్చింది.

"ఏంటక్కా ఇది?"

"నీ పసుపే. చూడు."

దుర్గ చూసింది. ఎడమ చివర, గొట్టం కింద, ఆదివారం తాను పెట్టిన పసుపు బొట్టు ఎర్రగా ఉంది. ఎండిన నెత్తురు రంగు. షెడ్డు తేమకి ఆరకుండా, అంచుల్లో ఇంకా తడిగానే ఉంది.

"మా పెద్దాపురం మరిడమ్మ తల్లే వచ్చిందంటున్నారు," అంది వీరవేణి. ఆమె పుట్టిల్లు ఆ ఊరే. "నా చెయ్యి విరిగిన చోటే వెలిసింది. జాతరకి వస్తానని మొక్కుకున్నాను. కొబ్బరికాయ నువ్వే కొట్టాలి, నాకు చెయ్యి లేదుగా."

"చెయ్యి విరగ్గొట్టి వెలిసిందా?"

"నోరు కడుక్కోవే. ఎప్పుడూ నీకు వెటకారమే. పెళ్ళయిన కొత్తలోనూ అంతే, నా పులుసులో ఉప్పు లేదని మన అత్తగారి ఎదురుగా అన్నావు."

"లేదు కాబట్టి అన్నాను."

దుర్గ గోడ పొడుగునా నడిచి కుడి చివరకెళ్ళింది. అక్కడి బొట్టు పసుపుపచ్చగానే ఉంది. అదే పసుపు, అదే రోజు, అదే చెయ్యి. అమ్మవారికి ఒక మూలే నచ్చిందా? తిరిగొచ్చింది. సంచిలోంచి పసుపు పొట్లం తీసి, చేతిగుడ్డ కొస తడిపి, పసుపు పూసి, స్టూలు ఎక్కి గొట్టం వంపు దగ్గర పట్టుకుంది. కళ్ళు మండాయి. ముఖం తిప్పుకుని లెక్కపెట్టింది. ఇరవై దాటకుండానే గుడ్డ ఎర్రబడింది.

కిందికి దిగి గుడ్డని వీరవేణి ఒడిలో పడేసింది. "పసుపులో సున్నం పడితే ఏమవుతుందక్కా?"

"పారాణి. అదేం ప్రశ్న?"

"ఇక్కడ సున్నమెవడు పోశాడు?"

వీరవేణి గుడ్డ చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరంగా లాగేసింది. ఆమెకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. పదేళ్ళుగా ఆ ఘాటుని పీలుస్తోంది, అలవాటైపోయి దానికి పేరు పెట్టడం మర్చిపోయింది, అంతే.

కంప్రెషర్ ఆపరేటరు సత్తియ్యని దుర్గే వెతికి ఆ గొట్టం దగ్గరికి పట్టుకొచ్చింది. యాభై దాటిన మనిషి, మాట్లాడితే నేల చూస్తాడు. గుడ్డ చూపిస్తే తల ఊపాడు.

"పసుపుకి సున్నమెంతో అమ్మోనియా అంతేనమ్మా. వాల్వు దగ్గర కారుతోంది. కొద్దికొద్దిగా."

"ఎన్నాళ్ళయింది?"

"చెప్పి ఇరవై రోజులైంది. మార్చాలంటే ప్లాంటు ఒక రోజు ఆపాలి. తనిఖీ అవ్వనీ అన్నారు. తనిఖీ అయ్యింది, ఇప్పుడు ఆర్డరు వెళ్ళనీ అంటున్నారు."

"ఒక్కసారిగా ఊడితే?"

సత్తియ్య నేల మీంచి తలెత్తాడు. బొమ్మ వైపు చూశాడు. చాచిన వేలు, పరిగెత్తే కాళ్ళు, పచ్చటి తలుపు, ఆ తలుపు నెత్తిన సరిగ్గా కారుతున్న గొట్టం. మంగళవారం ముప్పై మంది ఎటు పరిగెత్తారో అతనూ చూశాడు. ఈసారి సైరన్ నిజంగా మోగితే ఎటు పరిగెత్తుతారో చెప్పనక్కర్లేదు. నేర్పించింది ఎవరు? బొమ్మ. అంటించింది ఎవరు? దుర్గ.

ఆమె రాజుగారికి ఫోను చేసింది. మీటింగులో ఉన్నారన్నారు. మంజుషకి చేసింది. ఆ పిల్ల విని, "బొమ్మ తిరగేశారా? ఎవరు?" అని మాత్రం అడిగి, నాన్నతో మాట్లాడతానని పెట్టేసింది. గంట గడిచింది. ఏ ఫోనూ రాలేదు. ఎర్ర బొట్టు ముందు ఇంకో మందారం పెట్టారు ఎవరో.

అప్పుడు దుర్గ కట్టర్ తీసింది.

ముఖం ముందు నిలబడింది. స్టూలు లాగి ఎక్కి, పైన బుడగ దాకా చెయ్యి చాచి బ్లేడు దించింది. "ప్రాణం ముందు" దగ్గర మొదలైన కోత నుదుటి మీదుగా, కంటి మీదుగా, చెంప చుక్కల మీదుగా నేల దాకా వచ్చింది. తలుపు చట్రం వెంబడి ఇంకో కోత, ఇంకొకటి. అంచు పట్టుకుని లాగితే చర్మం ఒలిచినట్టు చప్పుడు. షెడ్డులో కత్తులు ఒక్కొక్కటీ ఆగాయి. నూట నలభై నీలం టోపీలు ఇటు తిరిగాయి. ఆకుపచ్చ తలుపు బయటపడింది, పిడి లేకుండా, నాలుగు చిల్లులతో.

యుగంధర్ పరుగున వచ్చాడు. "ఏం చేస్తున్నావమ్మా? పిచ్చెక్కిందా? రేపు పేపరువాళ్ళొస్తున్నారు ఫొటోకి."

"రానివ్వండి."

"మీ షాపు మీద కేసు పెడతారు."

"పెట్టండి. ఈ గుడ్డ కూడా పట్టుకెళ్ళండి కేసులోకి." ఎర్రబడ్డ గుడ్డని అతని చేతిలో పెట్టింది. సంచిలోంచి పిడి తీసింది. నాలుగు మరలు తీసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ బిగించింది. మూడోది రెండుసార్లు జారి నీళ్ళలో పడింది. వీరవేణి వచ్చి వంగి బాగున్న చేత్తో వెతికి తీసిచ్చింది.

"ఇంకాస్త గట్టిగా తిప్పు," అంది. "నీ పనులన్నీ వదులే."

పిడి బిగిసింది. దుర్గ పట్టుకుని తోసింది. తలుపు వేలెడంత కదిలి ఆగింది. సందులోంచి వెలుతురు సన్నగా పడింది, బయట గొలుసు గణగణమంది. వెనక ఎవరో దగ్గారు. ఇంకొకరు దగ్గారు. ఎడమ చివర నుంచి, గొట్టం కింద నుంచి. పనిచేసేవాళ్ళ దగ్గు ప్లాంటులో ఎప్పుడూ ఉండేదే. కానీ ఈసారి అందరూ విన్నారు. ఒకామె బూట్ల గది వైపు అడుగేసింది. ఇంకొకామె, ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో, అలవాటుగా బొమ్మ తలుపు వైపు చూసింది.

"అటు చూడకే," అంది వీరవేణి. "అది గోడ."

యుగంధర్ ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఈసారి రాజుగారు వెంటనే ఎత్తారు. స్టిక్కరు కోసేశారంటే ఎత్తుతారు. దుర్గ ఆ ఫోను అతని చేతిలోంచి తీసుకుంది. నూట నలభై మందికి వినపడేలా మాట్లాడింది.

"శ్రీనివాసరాజుగారూ, నేను అంటించినది నేనే పీకాను. నేను విప్పిన పిడి నేనే బిగించాను. లోపలి వైపు పని అయిపోయిందండి. బయట గొలుసు మీది, తాళం చెవి మీ టేబులు సొరుగులో ఉంది. కంప్రెషర్లు ఆపించండి, వాల్వు మార్చేదాకా ఒక్క మనిషి కూడా ఈ షెడ్డులో కూర్చోదు. ఇన్‌స్పెక్టరుగారిని ఆఫీసుకి కాదు, ఇక్కడికి, ఈ గొట్టం కిందకి పిలవండి. అవన్నీ తరవాత. ముందు తాళం చెవి ఇచ్చి మనిషిని పంపండి. రేపు కాదు, ఆర్డరు వెళ్ళాక కాదు. మేం తలుపు దగ్గరే నిలబడ్డాం. ఇప్పుడు తియ్యండి."